ఆగస్టు మాటల మీద అక్టోబరు ఆకులు

ఫ్రెస్నో,
సెప్టెంబరు 14

నాన్నా,

ఈ ఉత్తరం నీకు ఇప్పట్లో అందదు. పోస్టు చెయ్యకూడదని షరతు. మన ఊరు పార్లియర్ ఇక్కడికి పాతిక మైళ్ళు కూడా లేదు, ప్రతి ఆదివారం నీ ఎదురుగా కూర్చుని అమ్మ చేసిన రొట్టెలు తింటూనే ఉన్నాను, అయినా నీకు ఉత్తరం రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. ఏం చెయ్యను, ఇది మా హోంవర్కు.

డాక్యుమెంటరీ తియ్యడం నేర్పుతారన్న క్లాసులో మొదటిరోజు కెమెరా ఊసే లేదు. మూతపడ్డ లాండ్రీ షాపు వెనక గదిలో మా క్లాసు. గోడల్లోంచి పైపులు ఇంకా పొడుచుకొచ్చి ఉన్నాయి. మా టీచరమ్మ పేరు కొన్సుయెలో బర్రగాన్. అరవై ఎనిమిదేళ్ళుంటాయి, మోకాలు నొప్పి, నోరు మాత్రం చురుకు. ఏడుగురికీ తలా ఒక నోటుపుస్తకం పంచి, "మీ సినిమా ఎవరు చూస్తారంటే మీకు భయమేస్తుందో, ఆ ఒక్క మనిషికి ఉత్తరాలు రాయండి. సినిమా అయ్యేదాకా రాయండి. అయ్యాక పంపుతారో చింపుతారో మీ ఇష్టం" అంది. పెట్టెల గోడౌన్లో బండి నడిపే ఎఫ్రయీన్ తన పాత సూపర్‌వైజరుకి మొదలుపెట్టాడు. నేను ఆలోచించకుండా నీ పేరు రాసేశాను. రాశాక చూసుకుని, ఇదేమిటి అనుకున్నాను.

నువ్వు నన్ను కొట్టిన తండ్రివి కాదు. భయం ఆ రకం కాదు. క్లాసులో చేరానని చెప్పినప్పుడు నువ్వు, "ఏం, మన ఆడపిల్లల పదిహేనేళ్ళ పుట్టినరోజు పండగలకి వీడియోలు తీస్తావా? భోజనమన్నా దక్కుతుంది" అన్నావు. అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో జనాలకి కారు ఇన్సూరెన్సు కట్టించడం తప్ప నాకింకేం చేతకాదని మీ ఇద్దరూ తేల్చేసుకున్నారు. అదీ సంగతి.

టీచరమ్మ మాకు టీవీలో వచ్చిన ఇరవై నిమిషాల ముక్క ఒకటి వేసి చూపించింది. మన తోటలే, మన జనమే. అయ్యాక, "ఎన్ని పేర్లు విన్నారు?" అనడిగింది. ఒక్కటీ లేదు. వంగిన నడుములు, టోపీలు, చేతులు, వెనకాల గిటారు. "ఈ టీవీవాళ్ళు వచ్చి మన వీపులు పట్టుకుపోతారు. ముఖం తీస్తే పేరు అడగాలి, పేరు అడిగితే కూర్చోవాలి, అంత తీరిక వాళ్ళకెక్కడిది" అంది. ఆవిడ కుటుంబం సలీనాస్ వైపు లెట్యూస్ ఆకుకూర పొలాల్లో ఇరవయ్యేళ్ళు వంగింది. ఒకసారి వాళ్ళమ్మ వీపు టీవీలో కనబడిందట. వీపు చూసి గుర్తుపట్టాల్సొచ్చిందట. అప్పట్నుంచే ఈ పని పట్టుకుంది.

ఆవిడ నియమాలు కొన్ని ఉన్నాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళు పెట్టింది తినాలి, తర్వాతే కెమెరా సంచీ విప్పాలి. కెమెరా ఎదుటి మనిషి కళ్ళ ఎత్తుకి మించకూడదు. మనిషి మాట్లాడటం ఆపాక మనసులో పది లెక్కపెట్టుకోవాలి, అప్పుడే ఇంకో ప్రశ్న. సినిమాలో ఉన్నవాళ్ళకి, సినిమాలో పేరు వచ్చినవాళ్ళకి, ముందు వాళ్ళిళ్ళలో చూపించాలి, వాళ్ళు చెప్పుకునేది ఉంటే సినిమాలో చోటివ్వాలి. ఆ తర్వాతే ఊరికి. మొదటి నియమం వల్ల నేను బాగా ఒళ్ళు చేసేట్టున్నాను.

నేను ఎండ గురించి తీస్తాను నాన్నా. ఎండుద్రాక్ష కోతల్లో ఎండ. నువ్వు కూలీల మేస్త్రివి కాబట్టి నీకిది నచ్చదని తెలుసు. కానీ ఎండ నీ ఒక్కడి సొత్తు కాదు కదా.

నీ కూతురు,
నొయెమీ

*

ఫ్రెస్నో,
అక్టోబరు 19

నాన్నా,

ఇది రాయడం నావల్ల కావడం లేదు. మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

కోతల్లో వడదెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చర్చిలో అడిగితే హెర్మీనియా అనే ఆవిడ పేరు చెప్పారు. మన ఊరి చివర, కాలవ దాటాక, రేకుల ఇంట్లో ఉంటుంది. పనులకెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకుంటూ బతుకుతోంది. ఆవిడ పాతికేళ్ళు ద్రాక్ష కోసింది. నేను వెళ్ళేసరికి ఎర్రమిరప గుజ్జులో కోడికూర ఉడుకుతోంది. కడుపునిండా తిన్నాను. "నాకు నువ్వు నచ్చావు పిల్లా, సిగ్గుపడకుండా రెండోసారి వడ్డించుకున్నావు" అంది. నా పేరు అడిగింది, చెప్పాను. ఇంటిపేరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్నడక్కు. ఈ ఊళ్ళో మేస్త్రి కూతుర్నంటే జనం నోరు నొక్కేసుకుంటారని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కెమెరా ఆవిడ కళ్ళ ఎత్తుకి దించాను. చెప్పడం మొదలుపెట్టింది.

ఆరేళ్ళ కిందటి ఆగస్టు. ఎండ నూట ఎనిమిది డిగ్రీలు దాటిన రోజు. వరసల మధ్య కాగితాలు పరిచి, గుత్తులు కోసి ఆరబోస్తున్నారు. "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నీళ్ళ డబ్బా బండి దగ్గరుంది. పోయి రావాలంటే పావుగంట. పోతే నా వరస వెనకబడుతుంది, మేస్త్రి కేకలేస్తాడు. ఇంకొక్క కాగితం నింపి పోదామనుకున్నా. ఆ తర్వాత నాకేం గుర్తులేదు" అని ఆగింది.

నేను పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఆవిడ మళ్ళీ నోరు విప్పింది.

"తెలివొచ్చేసరికి వ్యానులో పడుకుని ఉన్నా. మేస్త్రి నా ముఖం మీద నీళ్ళు కొడుతున్నాడు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని ఎవరో అంటే వద్దన్నాడు. ఎవరడిగినా ఇంటి దగ్గర్నుంచే జ్వరంతో వచ్చానని చెప్పమన్నాడు. ఆస్పత్రిలో నేను అలాగే చెప్పా. ఆయన పేరు ఔసెన్సియో. ఔసెన్సియో టోవర్."

నేను ఎనిమిది, తొమ్మిది, పది అని లెక్కపెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియక. ఆ తర్వాత ఆవిడ దెబ్బతిన్న తన కిడ్నీల గురించి చెప్పింది. ఎండలో పది నిమిషాలు కూడా నిలబడలేనంది. ఇంక ఏ తోటలోకీ పోలేదట. నేను తలాడిస్తూ కూర్చున్నాను. కెమెరా సర్దుకుంటుంటే డబ్బాలో కోడికూర పెట్టిచ్చింది, తీసుకున్నాను. సిగ్గులేని చేతులు నావి.

కారులో కూర్చున్నాక గుర్తొచ్చింది నాన్నా. ఆ రోజు సాయంత్రం నువ్వు భోజనానికి కూర్చుని, "ఎవత్తో జ్వరంతో పనికొచ్చి పడిపోయింది, సగం రోజు తగలేసింది" అన్నావు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. "రోజంతా ఇంట్లో పడుకున్నా సరిపోయేదిగా" అన్నాను. నువ్వు నవ్వలేదు. నేనే నవ్వాను.

ఆదివారం నేను ఇంటికి రాలేదు. ఆఫీసు పని అని అమ్మకి చెప్పాను.

నొయెమీ

*

ఫ్రెస్నో,
నవంబరు 9

నాన్నా,

నేనొక పని చేశాను. చేసి దొరికిపోయాను.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఒక మనిషి మాట్లాడుతుండగా మధ్యలో కొన్ని మాటలు కోసేస్తే, తెర మీద ఆ ముఖం ఎగిరిపడ్డట్టు కనిపిస్తుంది. కోత తెలిసిపోతుంది. అందుకని ఆ అతుకు మీద ఇంకో బొమ్మ పరుస్తారు. గొంతు నడుస్తూ ఉంటుంది, చూసేవాడికి తోటో, చేతులో కనిపిస్తాయి. మా క్లాసులో దీన్ని 'ఆకు కప్పడం' అంటాం. తప్పేం కాదు, దగ్గూ తుమ్మూ తీసెయ్యడానికి అందరూ చేస్తారు. నేను నలభై ఒక్క సెకన్లు తీసేశాను. "ఆ తర్వాత నాకేం గుర్తులేదు" దగ్గర కోసి, కిడ్నీల దగ్గర అతికించి, పైన తీగల బొమ్మ పరిచాను. వ్యాను లేదు, జ్వరం లేదు, నువ్వు లేవు. ఎండ తగిలింది, మనిషి పడిపోయింది, అంతే. ఎండ ఎవరి పేరూ కాదు కాబట్టి ఎవరికీ గొడవ లేదు.

ఎందుకంటావా? అమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. నువ్వు ఇంకా అదే తోటకి మేస్త్రివి. డిసెంబరు ఏడున మన ఊరి బడి భోజనాల హాల్లో ఈ సినిమా వేస్తే నీ పేరు ఊరంతా వింటుంది. ఇవి నేను నాకు చెప్పుకున్న కారణాలు. అసలు కారణం, నాకు నువ్వంటే ప్రాణం. నాకు నడక నేర్పింది నువ్వే, కారు నేర్పింది నువ్వే. నలభై ఒక్క సెకన్లకి నిన్ను పోగొట్టుకోవడం నాకు ఇష్టంలేకపోయింది.

క్లాసులో వేస్తే ఎవరూ పట్టుకోలేదు. ఎఫ్రయీన్ బాగుందన్నాడు. టీచరమ్మది లెట్యూస్ కుటుంబం, ద్రాక్ష సంగతి ఆవిడకి తెలీదు. నియమం ప్రకారం నిన్న హెర్మీనియమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ ఆప్రాన్ విప్పి, చెవులకి కమ్మలు పెట్టుకుని కూర్చుంది. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి వేశాను.

తీగల బొమ్మ వచ్చింది. "ఆపమ్మా" అంది. వెనక్కి తిప్పమంది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా తిప్పమంది.

"ఇవి ఏ నెలలో తీశావు?"

ఏ నెలైతే ఏముంది, తోట తోటే కదా అన్నాను. బీన్స్ కూరలో పంచదార పోసినదాన్ని చూసినట్టు చూసింది నన్ను.

"ఆకు అంచులు పసుపు తిరిగాయి. తీగకి ఒక్క గుత్తి లేదు, కింద ఒక్క కాగితం లేదు. ఇది కోతలైపోయిన తోట. నేను చెబుతున్నది ఆగస్టు. నేను పడిపోయిన రోజున ఈ ఆకు ముదురాకుపచ్చగా ఉంది పిల్లా, మీద వేలేస్తే దుమ్ము అంటుకునేది. ఆగస్టు మాట మీద అక్టోబరు ఆకు ఎందుకు పరిచావు? కింద ఏం తీసేశావు?"

నిజంగా నాకు తట్టనే లేదు. మేస్త్రి ఇంట్లో పుట్టి, తోటల మధ్య పెరిగి, నేను ఆకు వంక ఏనాడూ చూడలేదు. తోటకి పోయే అవసరం రాకుండా నువ్వు పెంచావు కదా. అక్టోబరులో తీసిన తీగలు చేతికి దొరికాయి, పరిచేశాను.

"నా మాటలేవీ?" అనడిగింది. గొంతు పెంచలేదు.

చెప్పేశాను. ఔసెన్సియో టోవర్ మా నాన్న అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"తెలుసు. మొదటిరోజు నువ్వు గుమ్మంలో నిలబడగానే తెలుసు. ఆ నుదురు ఎక్కడికి పోతుంది? పేరు చెప్పి ఇంటిపేరు మింగేశావు."

"తెలిసి నాకెందుకు చెప్పావు?"

"ఆరేళ్ళుగా ఈ మాట నా దగ్గరే పడి ఉంది. మీ ఇంటికొచ్చి తలుపు కొట్టే ధైర్యం నాకు లేదు. నువ్వే వచ్చావు. వండి పెట్టా, తిన్నావు. ఇది ఆయన దగ్గరికి మోసుకుపోతావనుకున్నా. నువ్వేమో దారిలో పారేశావు."

నీళ్ళు కూడా తాగలేకపోయాను. వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర ఒకటే మాట అంది. "పెట్టలేకపోతే నా ముఖం కూడా తీసెయ్. నేను సగం ఉండను."

ఇప్పుడు చెప్పు నాన్నా, నేనేం చెయ్యాలి? చెప్పలేవులే. ఈ ఉత్తరం ఇంకా నోటుపుస్తకంలోనే ఉంది.

నొయెమీ

*

ఫ్రెస్నో,
నవంబరు 23

నాన్నా,

ఇది చివరిది. దీంతో కలిపి అన్నీ పంపుతున్నాను. కవర్లో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. అమ్మకి ఇస్తే టీవీకి పెడుతుంది. ముందు ఉత్తరాలు చదువు, తర్వాత సినిమా చూడు.

టీచరమ్మకి అంతా చెప్పాను. క్లాసులోంచి పొమ్మంటుందనుకున్నాను. మోకాలికి నూనె రాసుకుంటూ విన్నది. "మీ నాన్న చెప్పమంటే ఆవిడ ఒకసారి అబద్ధం చెప్పింది. నీ కోతతో రెండోసారి చెప్పినట్టయింది. మొదటిసారి అబద్ధమని తెలిసన్నా చెప్పింది" అంది. అంతకంటే తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు నలభై ఒక్క సెకన్లూ తిరిగి పెట్టేశాను. ఆకులు తీసేశాను. ఆవిడ ముఖం తప్ప ఇంకేం లేదు అక్కడ. ఆవిడ ఆగింది, నేను లెక్కపెట్టిన ఏడూ ఉన్నాయి, తర్వాత నీ పేరుంది. హెర్మీనియమ్మకి మళ్ళీ చూపించాను. చూసి, "ఊఁ, ఇప్పుడు నేనే" అంది. తర్వాత నాకు అన్నం వడ్డించింది.

నాన్నా, నిన్ను అల్లరిపాలు చెయ్యాలని నాకు లేదు. నాకు తెలుసు, నీ మీద యజమాని ఉన్నాడు. పని త్వరగా తెమల్చమని ఆయన నీ పీక మీద కూర్చుని ఉంటాడు. అంబులెన్సు వస్తే రిపోర్టులు రాస్తారని, నీ పని ఊడుతుందని భయపడి ఉంటావు. ఇంటి అద్దె, నా చదువు, అన్నీ నీ నెత్తినే ఉన్నాయి. అదంతా నువ్వు చెబితే సినిమాలో పెడతాను. సినిమాలో పేరు వచ్చినవాళ్ళకి కూడా చోటివ్వాలని మా నియమం. టీచరమ్మ కెమెరా తీసుకుని నీ దగ్గరికి వస్తానంది. నేను రాను. నేను అడిగితే నీకు అనుకూలంగా అడుగుతాను, నాకు తెలుసు.

నువ్వు వద్దన్నా ఆ ముక్క తియ్యను. అది మాత్రం ముందే చెప్పేస్తున్నాను. డిసెంబరు ఏడు, సాయంత్రం నాలుగు గంటలకి, బడి భోజనాల హాలు. నువ్వు రాకపోయినా నాకు అర్థమవుతుంది. నాతో మాట్లాడకపోయినా అర్థమవుతుంది. కానీ మాట్లాడు నాన్నా.

నీ కూతురు,
నొయెమీ టోవర్

*

పార్లియర్,
డిసెంబరు 3

అమ్మా నొయెమీ,

నీ ఉత్తరాలు చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను మూడో తరగతి దాకానే చదివానని నీకు తెలుసు. సినిమా మీ అమ్మతో కలిసి చూశాను. నా పేరు వినబడగానే మీ అమ్మ లేచి పెరట్లోకి పోయింది. ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడుతుందిలే. ఆ భోజనం రోజున నువ్వు నవ్విన సంగతి రాశావు. నవ్వేట్టు చెప్పింది నేను. దాన్ని నువ్వు మొయ్యకు.

నీ చివరి ఉత్తరంలో నా తరఫున కారణాలు రాశావు. చదువుతుంటే బాగానే అనిపించింది. అవి నిజమైతే ఎంత బాగుండేదో అనుకున్నాను. నిజం కాదు. యజమాని ఆ వారం ఊళ్ళోనే లేడు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నా పీక మీద ఎవరూ కూర్చోలేదు.

పక్క తోటలో ఇంకో ముఠా దిగింది. వాళ్ళు మాకంటే ఆరు వరసలు ముందున్నారు. ఆ మేస్త్రి కుర్రకుంక, నన్ను చూసి వెక్కిరిస్తూ ఈల వేశాడు. అందుకని నీళ్ళ డబ్బాని వరస చివర్నుంచి తీసి బండి దగ్గర పెట్టించాను. దూరమైతే మాటిమాటికీ లేవరని. చేత్తో మోసి పెట్టింది కూడా నేనే. నేను పదిహేనేళ్ళు ఆ తీగల కింద వంగినవాణ్ణి. దాహం ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి కాదు. ఈల కోసం చేశాను. పక్క ముఠావాడి ఈల కోసం. ఇది ఆరేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, పాపం ఒప్పుకునే చోట ఫాదర్‌కి కూడా. అక్కడ కూడా తప్పు యజమాని మీదే పెట్టాను.

నిన్న హెర్మీనియా ఇంటికి పోయాను. ఆవిడ దోమల వల తలుపు తియ్యలేదు. అవతల నిలబడే వింది. ఈల సంగతి, డబ్బా సంగతి, జ్వరమని చెప్పమన్న సంగతి, అంతా చెప్పాను. టోపీ చేతిలో పట్టుకుని చెప్పాను. క్షమించమని అడగడానికి ముఖం చెల్లలేదు. ఆవిడ అంతా విని, "ఆ ఈల నేనూ విన్నా, ఇది నాకు తెలిసిందే ఔసెన్సియో. తెలియనివాళ్ళకి చెప్పు" అని లోపలికి పోయింది.

మీ టీచరమ్మని పంపొద్దు. గదిలో కూర్చుని కెమెరాకి చెబితే నేను బాగా చెబుతాను, మంచివాణ్ణైపోతాను. మాటలు నాకు బాగానే వచ్చు, మేస్త్రీగిరీ అంతా మాటలే. నాకు అలా వద్దు. పని పోతే పోతుంది, చేతులున్నాయి. మీ అమ్మకి కూడా అదే చెప్పాను.

ఏడో తారీకున వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను. నా పేరు రాగానే హాలంతా నీ వైపు తిరుగుతుంది, నువ్వు టోవర్ పిల్లవని అందరికీ తెలుసు కదా. తల దించకు. ఎవరేం అడిగినా జవాబు చెప్పకు. నేను లేచి నిలబడతాను.

మీ నాన్న,
ఔసెన్సియో టోవర్